సుద్దగీత మీద ఆయిల్ చుక్క

చచ్చినవాడి శవం దొరకలేదు గాని చంపినవాడు మాత్రం దొరికిపోయాడు. పొద్దుటినించీ ఇన్‌స్పెక్టర్ కనబడ్డవాడికల్లా ఈ మాటే చెబుతున్నాడు. అందులో డిటెక్టివ్‌కి నచ్చనిది ఒక్కటే. చెప్పేటప్పుడు ఆ గొంతులో సందేహం మచ్చుకైనా లేదు. సందేహం లేని గొంతుని అతను ఏనాడూ నమ్మలేదు. ఆ గొంతు తనదైనా సరే.

స్టేషన్ వరండాలో బల్లమీద, పట్టుబడ్డ మెకానిక్ అక్క కూర్చుని ఉంది. బట్టలు కుట్టే మనిషి. దారం ఎక్కించిన సూది కొంగుకి అలాగే గుచ్చి ఉంది. పని మధ్యలో లేచి వచ్చేసినట్టుంది. కేసు చూడమని డిటెక్టివ్‌కి కబురు పంపింది ఆమే. అతన్ని చూసి నిలబడింది.

"మా తమ్ముడు కోపిష్ఠివాడే బాబూ. కాదనను. కాని వాడి కోపం పాలపొంగు. పైకొచ్చినంతసేపు పట్టదు, దిగిపోవడానికి. మూడు రోజులుగా అరెస్టు చూపకుండా ఉంచి, రేపు పొద్దున్న కోర్టుకి పంపేస్తారట. హత్యకేసు కట్టి పంపారంటే ఇంక వాడు నాకు దక్కడు."

"మీతో ఏమైనా చెప్పాడా?"

"నాకెందుకు చెబుతాడు? అమ్మ పోయాక పెంచినదాన్ని. పెంచినవాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పరు."

ఇంతవరకు తెలిసిన సంగతి క్లుప్తంగా ఇది. జలాశయం ఒడ్డున పడవల రేవు ఉంది. దాని యజమానిని అందరూ సరంగు అనే పిలుస్తారు. నాలుగు రోజుల కిందట తెల్లవారుజామున అతను తన పాత మోటారు పడవలో ఒంటరిగా వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఆ పడవ ఆనకట్ట ముందున్న స్తంభాలకి కొట్టుకుంటూ దొరికింది. మోటారు పట్టేసి, బిగుసుకుపోయి ఉంది. మనిషి లేడు. వానలకి గేట్లు ఎత్తి ఉన్నాయి. ఆ ఉరవడిలో పడినవాడు కిందికి పోయి ఉంటాడనడంలో ఎవరికీ అనుమానం లేదు. టాంకులో ఉండాల్సింది ఆయిల్ కలిపిన పెట్రోల్. ఉన్నది ఒట్టి పెట్రోల్. రేవులో టాంకులు మామూలుగా నింపేది మెకానిక్. అంతకుముందు రోజు సాయంత్రమే సరంగు అతన్ని పనిలోంచి వెళ్ళగొట్టాడు. ఇన్‌స్పెక్టర్‌కి ఇంతకంటే ఏం కావాలి?

లోపలి గదిలో మెకానిక్ గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. గోళ్ళలో నల్లటి జిడ్డు. కడిగినా పోని రకం.

"ఒట్టి పెట్రోల్ పోస్తే ఏమవుతుంది?" డిటెక్టివ్ అడిగాడు.

"అందరూ అదే అడుగుతున్నారు. తెలుసంటే హంతకుణ్ణి. తెలీదంటే అబద్ధాలకోరుని. మీకేది కావాలో చెప్పండి, అది చెబుతా."

"నాకు నిజంగానే తెలీదు. నేను కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పుకున్నవాణ్ణి. మనిషి ఎందుకు పట్టేస్తాడో కొంచెం తెలుసు. మోటారు సంగతి తెలీదు."

మెకానిక్ మొదటిసారి తలెత్తి చూశాడు. తన పని గురించి అడిగితే మనిషి మొహం ఎలా తెరుచుకుంటుందో డిటెక్టివ్‌కి తెలుసు. అందుకే అడిగాడు.

"పాత పడవలవి టూ స్ట్రోక్ మోటార్లండి. వాటికి ఆయిల్ పొయ్యడానికి వేరే చోటంటూ ఉండదు. పెట్రోల్లోనే కలిపి పొయ్యాలి. అది లోపలికెళ్ళి పిస్టన్‌ని తడిపి, పెట్రోల్‌తోపాటే కాలిపోయి, పొగై బయటికి పోతుంది. ఎంత పోస్తే అంత తాగేస్తుంది. ఒట్టి పెట్రోల్ పోశామనుకోండి, కాసేపు ఎప్పటికంటే హుషారుగా పరిగెడుతుంది. ఆ తర్వాత పిస్టన్ ఎండిపోయి, వేడెక్కి, గోడని కరుచుకుంటుంది. ఇంక దాన్ని దేవుడు కూడా కదపలేడు."

"కొత్త పడవది?"

"అది ఫోర్ స్ట్రోక్. దాని ఆయిల్ కిందగా వేరే గదిలో ఉంటుంది. పైకెళ్ళి అన్నిటినీ తడిపి మళ్ళీ అక్కడికే దిగొస్తుంది. కాలదు. పొగ రాదు. మార్చేదాకా అదే ఆయిల్. పాతది తాగుబోతు, కొత్తది పిసినారి అని నేనేదో సరదాకి అన్నాను. సరంగన్నకి కోపం వచ్చింది. ఆయన పాతవాటిని బిడ్డల్లా చూసుకుంటాడు. నేను గీతలున్న సీసాతో ఆయిల్ కొలుస్తా. ఆయన రేకు గిన్నెతో పోస్తాడు, నిండా అంటే నిండా. 'ఎక్కువైతే పొగ, తక్కువైతే చావు' అంటాడు."

"పనిలోంచి ఎందుకు తీసేశాడు?"

తెరుచుకున్న మొహం మూసుకుంది.

"కొత్త పడవ కొనమన్నది నేను. కొన్నది వదినగారు, అన్న భార్య. తోలడం నేర్పింది నేను. నేర్పుతుంటే ఒకరోజు ఆవిడ నవ్వింది. అప్పుడు అన్న ఒడ్డున నిలబడి ఉన్నాడు."

"అంతేనా?"

"నవ్విందండి. అంతే. ఆయన కూడా సరిగ్గా ఇలాగే అడిగాడు, 'అంతేనా' అని. ఆ రోజు మొదలు అన్నం తినేటప్పుడు కూడా నా వంకే చూసేవాడు."

"ఆ తెల్లవారుజామున ఎక్కడున్నావు?"

"ఇంట్లో."

ప్రశ్న పూర్తికాకముందే జవాబు వచ్చేసింది. ముందే కొలిచి పెట్టుకున్న జవాబు. డిటెక్టివ్ బొటనవేలితో చూపుడువేలు రాసుకున్నాడు, సుద్దపొడి దులుపుకుంటున్నట్టు. పాఠాలు మానేసి ఏళ్ళయినా ఆలోచన వచ్చినప్పుడల్లా ఆ వేళ్ళు అలా చేస్తూనే ఉంటాయి.

"మీ అక్క అలా చెప్పలేదే."

అక్క ఏమీ చెప్పలేదు. కాని బాణం తగిలింది. మెకానిక్ గోళ్ళలో జిడ్డు గీకుతూ మోకాళ్ళ వంక చూశాడు.

"పని ఇమ్మని బతిమాలుకుందామని వెళ్ళాను. రేవు దగ్గర అన్న కూర్చుని పెట్రోల్ టాంకు కడుగుతున్నాడు. కొంచెం పొయ్యడం, ఊపడం, ఒలకబొయ్యడం, మళ్ళీ పొయ్యడం. పెట్రోల్‌ని నీళ్ళలా పారబోస్తున్నాడు. ఆ మనిషి చుక్క ఒలికితే చెంప పగలగొట్టే రకం. నాకెందుకో అది మంచిగా తోచలేదు. పలకరించకుండా వెనక్కొచ్చేశాను."

"ఈ మాట ఇన్‌స్పెక్టర్‌తో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ వేళకి అక్కడున్నానని నేనే ఒప్పుకున్నట్టు కదండి."

అది నిజమే కావచ్చు. నిజంలా కనబడేటట్టు కట్టిన కథ కూడా కావచ్చు. డిటెక్టివ్ సగం నమ్మి, సగం నమ్మకుండా బయటికి వచ్చాడు. ప్రాణం తీసుకోదలచినవాడికి నీళ్ళు చాలు. బిడ్డలా చూసుకున్న మోటారుని ముందు చంపడం ఎందుకు? చావాలనుకున్నవాడు చెయ్యని పని అది. మరి ఎవరు చేసే పని?

*

రేవులో షెడ్డు, దాని పక్కన రెండు గదుల ఇల్లు. ముందు నీళ్ళలోకి పొడుచుకొచ్చిన చెక్క వంతెనకి రెండు పడవలు కట్టి ఉన్నాయి. ఒకటి తెల్లటి కొత్త పడవ, ఇంకొకటి రంగు పోయిన పాతది. సరంగుకి ఉన్న రెండు పాత పడవల్లో మిగిలినది అదే. చచ్చిన మోటారుని విప్పి షెడ్డులో కొయ్యస్టాండుకి బిగించారు.

సరంగు భార్య బోర్లించిన పీపా మీద కూర్చుని ఉంది. నలభై దాటని మనిషి. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"నేను ఏడవలేదని ఊళ్ళోవాళ్ళంతా వచ్చి చూసిపోతున్నారు. మీరూ చూడండి," అంది.

"ఏడుపు ఎందుకు రాలేదు?"

"భయం పోయాక కదా ఏడుపొచ్చేది. ఇంకా భయంగానే ఉంది. ఎక్కడో ఉండి చూస్తున్నట్టే ఉంటుంది. ఉన్నన్నాళ్ళూ అంతే కదా, ఏ పని చేస్తున్నా వీపు మీద ఆ చూపు. అలవాటైపోయింది."

డిటెక్టివ్ ఆ మాటని పక్కన పెట్టుకున్నాడు. ఆమెని కూడా అనుమానించాల్సిందే. మెకానిక్ అబద్ధం చెబితే దాన్ని ఎవరికోసం చెబుతాడు?

"ఏం మాస్టారూ, మోటారుకి కూడా పాఠం చెబుతున్నారా?"

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. ఒకప్పుడు డిటెక్టివ్ క్లాసులో ఆఖరి బెంచీ విద్యార్థి. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ మర్చిపోలేదు.

"నువ్వు నిద్రపోయిన పాఠాలు మళ్ళీ చెప్పుకుంటున్నాను," అన్నాడు డిటెక్టివ్.

"నిద్రపోయినా పాసయ్యాను సార్. అది కదా ముఖ్యం."

డిటెక్టివ్ స్టాండు దగ్గర వంగి, విప్పి పెట్టిన ప్లగ్గుని వెలుతురులోకి తీశాడు. ఆయిల్ తాగే మోటారు ప్లగ్గు తడిగా, నల్లగా ఉండాలి. ఇది ఎముకలా తెల్లబడి ఉంది. కొస మీద గసగసాల్లా లోహపు రవ్వలు అంటుకుని ఉన్నాయి. కరిగిన పిస్టన్ ముక్కలు. ఒట్టి పెట్రోల్‌తో చచ్చేదాకా నడిచిందనడంలో ఇన్‌స్పెక్టర్ పొరబడలేదు. ఎవరు నడిపించారన్నదే మిగిలింది.

"చూశారా? నేను చెప్పిందే," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చూశాను. అమ్మా, ఆయన పోయాక ఇక్కడ ఏమైనా తేడాగా అనిపించిందా? ఎంత చిన్నదైనా."

ఆమె ఆలోచించింది. "కొత్త పడవ పొగ మొదలుపెట్టింది. మొన్న సాయంత్రం వరకు లేదు. నిన్న సాయంత్రం అవతలి ఒడ్డుకి వెళ్ళి వచ్చేసరికి కళ్ళు మండిపోయాయి. అచ్చం పాతదాని వాసన."

"పాడైపోయింది, అంతే," ఇన్‌స్పెక్టర్ చెయ్యి విదిలించాడు. "ఫోర్ స్ట్రోకైనా లోపల రింగులు అరిగితే ఆయిల్ పైకెక్కి కాలుతుంది. నా కారుకి జరిగింది. దానికీ హత్యకీ ఏమిటి సంబంధం?"

"శవాన్ని వెతకడానికి మొన్న నువ్వు రోజంతా ఈ పడవలోనే తిరిగావు కదా. అప్పుడు పొగ వచ్చిందా?"

ఇన్‌స్పెక్టర్ తన చొక్కా వంక చూసుకున్నాడు. "రాలేదు. వచ్చుంటే నా చొక్కా ఇంత తెల్లగా మిగిలేదా?"

డిటెక్టివ్ వంతెన మీదికి నడిచాడు. కొత్త మోటారు మూత తీయించి, ఆయిల్ చూసే పుల్లని బయటికి లాగి, తుడిచి, మళ్ళీ ముంచి తీశాడు. ఆయిల్ తేనెరంగులో పైగీతని ముట్టుకుని ఉంది.

"నీ కారు ఆయిల్ కాల్చినప్పుడు ఈ పుల్ల మీద ఎంత ఉంది?"

"అడుక్కి దిగిపోయేది. వారం వారం పోసేవాణ్ణి."

"దీనిది చుక్క తగ్గలేదు. నిన్న దారంతా పొగ కక్కింది, కాని తన ఆయిల్ తను ముట్టుకోలేదు. మరి ఎవరి ఆయిల్ కాల్చింది?"

ఇన్‌స్పెక్టర్ వంగి పుల్లని మళ్ళీ చూశాడు.

"నీ జేబురుమాలు ఇవ్వు."

"ఎందుకు?"

"తెల్లగా ఉంది కాబట్టి."

రుమాలు కొసని కొత్త పడవ పెట్రోల్ టాంకులో ముంచి గాలికి పట్టాడు. ఒట్టి పెట్రోలైతే ఆరాక బట్ట మళ్ళీ తెల్లగా అయ్యేది. ఇది ఆరాక జిడ్డుగా, నీలం జీరతో మరక మిగిలింది. పాత మోటార్లకి పోసే ఆయిల్ రంగు అది.

"పెట్రోల్లో ఆయిల్ కలిపారు," అన్నాడు డిటెక్టివ్. "అక్కర్లేని మోటారుకి. మెకానిక్ మూడు రోజులుగా నీ లాకప్పులో ఉన్నాడు. మొన్న సాయంత్రం ఈవిడ వెళ్ళొచ్చినప్పుడు పొగ లేదు. నిన్న ఉంది. షెడ్డు తాళాలు ఎన్ని?"

"రెండు," అంది ఆమె. "ఒకటి నా దగ్గర. రెండోది ఆయన జేబులో ఉండేది. ఆయనతోనే నీళ్ళలోకి పోయింది."

"ఇంకేం మరి," ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచాడు. "తాళం ఈవిడ దగ్గరుంది. వాడు లోపలుండగా మోటారు పాడుచేస్తే వాణ్ణి నేను వదిలేస్తానని ఈవిడ ఎత్తు. సార్, మీరు నా కేసు చెడగొట్టలేదు, పూర్తి చేశారు. ఒక్కడనుకున్నాను, ఇద్దరు దొరికారు."

ఆమె మొహం పాలిపోయింది కాని నోరు విప్పలేదు. అపరాధి మౌనం, అవమానం పడినవాళ్ళ మౌనం ఒక్కలాగే ఉంటాయి. అదే ఈ వృత్తిలో వచ్చిన చిక్కు.

డిటెక్టివ్ షెడ్డులోకి తిరిగి వచ్చాడు. పనిబల్ల మీద డబ్బాలు, గీతల సీసా, పానాలు. ఏది కదిపినా తెలియాలని ఇన్‌స్పెక్టర్ తొలిరోజే ప్రతి వస్తువు చుట్టూ సుద్దతో గీయించాడు. అన్నీ తమ గీతల్లోనే ఉన్నాయి. దొంగ చాలా జాగ్రత్తపరుడు. డబ్బా తీసి, వాడి, మళ్ళీ అదే గీతలో కూర్చోబెట్టాడు. కాని ఒక గీత మధ్యలో చిన్న మచ్చ ఉంది. నీలంగా, తడిగా. డిటెక్టివ్ దానికి కంటిని దగ్గర పెట్టాడు. సుద్ద కింద ఉంది. చుక్క పైన ఉంది. పడినచోట సుద్ద నానిపోయింది.

"గీత గీసింది ఏ రోజు?"

"వాణ్ణి పట్టుకెళ్ళిన రోజు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఈసారి కొంచెం నెమ్మదిగా.

డిటెక్టివ్ తల పైకెత్తాడు. చుక్కకి నేరుగా పైన, గోడకి బాగా ఎత్తుగా కొట్టిన మేకుకి రేకు గిన్నె వేలాడుతోంది. బోర్లించి.

"అమ్మా, ఆ గిన్నె అందుకోండి."

ఆమె మునివేళ్ళ మీద లేచింది. అందలేదు. "నాకెప్పుడూ అందదు. ఆయన ఎత్తుకి కొట్టుకున్న మేకు అది."

"గీతలు గీసిననాడు గిన్నె ఎలా ఉంది?"

"బల్లమీద వెల్లకిలా ఉంది," ఇన్‌స్పెక్టర్ గొణిగాడు. "మా కానిస్టేబుల్ అందులో టీ తాగబోతే నేనే తిట్టి పక్కన పెట్టించాను. దానికి గీత గీయించలేదు."

"దాన్ని బోర్లించి మేకుకి ఎవరు తగిలిస్తారు?"

ఆ ప్రశ్న అడిగింది ఇన్‌స్పెక్టర్‌నే గాని జవాబు ఆమె నుంచి వచ్చింది.

"ఆయిల్ పోశాక గిన్నెని పెట్రోల్‌తో కడిగి, ఆ కడుగు కూడా టాంకులో పోసి, బోర్లించి తగిలిస్తారు. దుమ్ము పడకూడదని. ఆయన ఒక్కరే. ఇంకెవరూ అలా చెయ్యరు."

ఆమె వెనక్కి జరిగి గోడకి వీపు ఆనించింది, ఆ వైపునుంచి ఎవరూ చూడకుండా ఉండేందుకు అన్నట్టు.

"బతికే ఉన్నారా?" అంది.

"బతికే ఉన్నాడు. మోటారు పట్టేసేదాకా నడిపి, పడవని వరదకి వదిలేసి, ఈది ఒడ్డెక్కాడు. మెకానిక్ మీదికి పోతుందని తెలిసే చేశాడు. మీరు ఎవరికోసం ఏడుస్తారో చూద్దామనుకున్నాడు. మీరు ఎవరికోసమూ ఏడవలేదు."

"చచ్చినవాడు వచ్చి కొత్త పడవకి ఆయిల్ ఎందుకు పోస్తాడు సార్?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు. ఎగతాళి చేద్దామనుకున్నాడు గాని ఎగతాళి సరిగ్గా రాలేదు.

"కావాలని పొయ్యలేదు. ఎక్కడికైనా వెళ్ళడానికి ఈ పడవ తీసి ఉంటాడు. తిరిగొచ్చి, తగ్గిన పెట్రోల్ తెలియకూడదని టాంకు నింపాడు. నింపేటప్పుడు ముప్ఫై ఏళ్ళ అలవాటున్న చెయ్యి తనంతట తనే గిన్నె అందుకుంది. మనసు ఎంత అబద్ధమైనా ఆడగలదు. చెయ్యి ఆడలేదు."

"ఈ ముక్క క్లాసులో చెప్పారు. అప్పుడు మెలకువగానే ఉన్నట్టున్నాను."

"అయితే మెకానిక్‌ని వదిలెయ్యి."

"వదలడానికి నాకు గిన్నె చాలదు. మనిషి కావాలి. ముందు ఈ కొత్త పడవకి సీలు వేస్తాను, ఇది సాక్ష్యం. తర్వాత మనిషి కోసం వెతుకుతాను. దొరికితే వాణ్ణి వదులుతాను. రేపు పొద్దుటికి దొరక్కపోతే కోర్టు కోర్టే."

అదీ గెలుపే. డిటెక్టివ్ తలూపాడు. ఇన్‌స్పెక్టర్ స్టార్టు తాడుకీ మోటారు మూతకీ కలిపి టేపు చుట్టి, లక్క కరిగించి ముద్ర గుద్దాడు.

ఆమె ఇంట్లోకి వెళ్ళి టిఫిన్ క్యారియరు, మందు సీసా పట్టుకుని వచ్చింది.

"అత్తగారికి ఇవ్వాలి. అవతలి ఒడ్డున ఒక్కరే ఉంటారు. మంచం దిగలేరు. లోకం తలకిందులైనా ఆవిడకి మందు ఆగకూడదు."

"ఒక్కరూ వెళ్ళకండి," అన్నాడు డిటెక్టివ్.

"ఈ వెలుతురులో, మీ ఇద్దరి కళ్ళెదుట? నాకు ఇక్కడికంటే నీళ్ళ మీదే నయం. అక్కడ గోడలుండవు, తలుపులుండవు. ఎలాగూ ఇవాళ పాత పడవే తీద్దామనుకున్నా. ఆ కొత్తదాని పొగ చూశాక దాన్ని నమ్మబుద్ధి కాలేదు. పాతదాని టాంకు ఆయన ఎప్పుడూ నింపే ఉంచుతారు."

"కొడుకు పోయాడని ఆవిడకి తెలుసా?"

"చెప్పాను. ఆవిడా ఏడవలేదు. పైగా ఈ నాలుగు రోజులుగా పట్టుకెళ్ళిందంతా తినేస్తున్నారు. ఇదివరకు రెండు ముద్దలు దిగేవి కావు. దుఃఖంలో కొందరికి అలా ఆకలి వేస్తుందేమో."

"వేస్తుంది," అన్నాడు డిటెక్టివ్. "అలాంటివాళ్ళు ఉంటారు."

గొంతులో సందేహం లేదు.

ఆమె తాడు లాగింది. పాత మోటారు దగ్గి, నీలంగా ఒక పీలిక పొగ వదిలి, అందుకుంది. పడవ వంతెనని విడిచి నీళ్ళమీద గీత గీసుకుంటూ వెళ్ళింది.

డిటెక్టివ్ వంతెన కొసన నిలబడి చూపుడువేలు రాసుకుంటున్నాడు. చాలా రోజుల తర్వాత ఒంటరితనం అతనికి తేలిగ్గా ఉంది. ఇంట్లో ఎవరూ లేకపోయినా రాత్రి రెండుసార్లు తాళం లాగి చూసుకునే తన చెయ్యి గుర్తొచ్చింది. సరంగు చెయ్యి, తన చెయ్యి, ఒకే బడిలో చదువుకున్నాయి.

"అలవాటు అనేది మనిషి లోపల ఉండే రెండో మనిషి," అన్నాడు. "మొదటివాడు ఎంత తెలివిగా ఎత్తు వేసినా రెండోవాడు వచ్చి చెరిపేస్తాడు. సరంగు ఆలోచించి చేసిన పనిలో తప్పు లేదు. ఆలోచించకుండా చేసిన పనిలో దొరికాడు. నువ్వు రాసుకోవాలంటే..."

"సార్."

"ఊఁ?"

"ఆ పాత మోటార్లు ఇంత శుభ్రంగా ఎప్పటినించి పోతున్నాయి?"

ఇన్‌స్పెక్టర్ కళ్ళు చికిలించి నీళ్ళ వంక చూస్తున్నాడు. "తొలిరోజు ఆ పడవలోనే కొంతదూరం వెళ్ళాను. దిగేసరికి చొక్కా నల్లబడిపోయింది. మా ఆవిడ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఇప్పుడు చూడండి. పొగేదీ?"

డిటెక్టివ్ చూశాడు. పడవ మధ్యనీళ్ళకి చేరుతోంది. మోటారు ఎప్పటికంటే హుషారుగా పాడుతోంది. వెనక నురుగు ఉంది. నురుగు మీద గాలి అద్దంలా ఉంది. వంతెన దగ్గర వచ్చిన ఆ ఒక్క పీలిక, గొట్టంలో మిగిలిపోయిన పాత ఆయిల్‌ది.

కాసేపు ఎప్పటికంటే హుషారుగా పరిగెడుతుంది, అన్నాడు మెకానిక్.

అప్పుడు అంతా ఒక్కసారిగా తిరగబడింది, మేకుకి ఉన్న గిన్నెలా. కొత్తదానికి అక్కర్లేని ఆయిల్ పోసినవాడే పాతదానికి కావలసిన ఆయిల్ లేకుండా ఒట్టి పెట్రోల్ నింపాడు. కొత్తది పొగ కక్కితే ఆమె భయపడి పాతది తీస్తుందని తెలుసు. అత్తగారి మందు ఆపదని తెలుసు. టాంకు నిండి ఉంటే మూత తీసి చూడదని తెలుసు. గిన్నె బోర్లించడం ఒక్కటే అలవాటు. మిగతాదంతా ఎత్తు. చెయ్యి పొరబడలేదు. చేతిని గురించి అంత గట్టిగా చెప్పిన మనిషి పొరబడ్డాడు. రుమాలు తన చేతిలోనే ఉంది. దాని రెండో కొసని పాత పడవ టాంకులో ముంచాలని తోచనే లేదు.

"ఆపమ్మా! మోటారు ఆపెయ్!"

అతని గొంతు నీళ్ళ మీద సగం దూరం కూడా పోలేదు. ఆమె వెనక్కి తిరగలేదు. తన మోటారు చప్పుడులో తను ఉంది.

చప్పుడు ఉన్నట్టుండి తెగింది.

తగ్గుతూ ఆగలేదు. తెగింది. ఆమె లేచి తాడు లాగింది. తాడు రాలేదు. రెండు చేతులతో లాగింది. మోటారు కరుచుకుపోయింది, తాడు అంగుళం కూడా జరగలేదు. పడవ ముక్కు నెమ్మదిగా, ఎవరో పట్టి తిప్పుతున్నట్టు, ఎత్తి ఉన్న గేట్ల వైపు తిరిగింది.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే కొత్త పడవలోకి దూకాడు. తను వేసిన లక్కముద్రని బూటు మడమతో పగలగొట్టాడు, టేపుని పళ్ళతో తెంపాడు. చొక్కా మోచేతిదాకా చిరిగింది.

"ఎక్కండి మాస్టారూ. ఇది ఎలా నడుస్తుంది, ఇందులో ఆయిల్ ఉందిగా?"

"నడుస్తుంది. పొగ వస్తుంది, అంతే."

మోటారు ఒక్క లాగుకే అందుకుంది. సరంగు పోసిన ఆయిల్ వాళ్ళ వెనక నీలంగా కాలుతూ వంతెననీ షెడ్డునీ కప్పేసింది. డిటెక్టివ్ ముందు బల్ల పట్టుకుని వంగి చూశాడు. పడవకీ గేట్లకీ మధ్య ఎంత దూరం ఉంది, పడవకీ తమకీ మధ్య ఎంత ఉంది. ఏది తక్కువో ఇంకా చెప్పడానికి లేదు. ఆమె తెడ్డు కోసం పడవ అడుగంతా వెతుకుతోంది. తెడ్డు ఉండాల్సిన చోట లేదు.

ఆ తెడ్డు ఎక్కడుందో చూద్దామన్నట్టు అతని కళ్ళు అవతలి ఒడ్డుకి పోయాయి.

అత్తగారి ఇంటి మెట్ల మీద, మోకాళ్ళ మీద అడ్డంగా తెడ్డు పెట్టుకుని, చచ్చిపోయిన మనిషి కూర్చుని చూస్తున్నాడు.